మాన్యువల్ లేని 486 మదర్‌బోర్డు: ఏళ్ళ తరబడి వాడాక

ఓపిక లేనివాళ్ళ కోసం తీర్పు ముందే చెప్పేస్తాను: బోర్డు బంగారం, కానీ బతికించుకోవడానికి ఓపిక కావాలి. 1990ల నాటి ఇంటెల్ 486 తరం ప్రాసెసర్ కూర్చునే బోర్డు ఇది. దీనిమీద కంపెనీ పేరు లేదు, మోడల్ నంబరు లేదు. జంపర్ల (పిన్నుల మీద తొడిగి బోర్డు అమరికలు మార్చే చిన్న తొడుగులు) పక్కన జేపీ1, జేపీ2 అని అచ్చు ఉందే తప్ప ఏది దేనికో ఎక్కడా లేదు. విజయవాడలో మూతపడిన ఒక డీటీపీ సెంటరు సామాను తూకానికి వెళ్ళిపోతుంటే క్యాబినెట్‌తో సహా తెచ్చుకున్నాను. బాగుచేసినప్పటి నుంచి వారంలో ఒకటి రెండుసార్లయినా దీన్ని ఆన్ చేస్తూనే ఉన్నాను.

బోర్డు సంగతి క్లుప్తంగా: సిస్ 85సీ471 చిప్‌సెట్ (ప్రాసెసర్‌ని మిగతా భాగాలతో కలిపేది), అవార్డ్ కంపెనీ బయోస్ (ఆన్ చేయగానే ముందుగా నడిచే ప్రోగ్రామ్), ఐఎస్ఏ స్లాట్లు (అదనపు కార్డులు గుచ్చే చోట్లు), వాటిలో కొన్నింటికి వేగమైన కార్డుల కోసం వెసా (VESA) లోకల్ బస్ తోక, నాలుగు 30-పిన్ ర్యామ్ సాకెట్లు, రెండు 72-పిన్‌వి. ప్రాసెసర్ ఇంటెల్ 486డీఎక్స్2-66.

ఇలాంటి బోర్డు చేతికి రాగానే అందరూ దాని పేరు వెతకడం మొదలుపెడతారు. నా లెక్కలో అది చివర చేయాల్సిన పని. 1990ల మొదటి సగంలో తైవాన్‌లో ఎన్నో చిన్న కంపెనీలు అవే చిప్‌సెట్లు కొని, కాస్త అటూ ఇటూ మార్చి బోర్డులు అచ్చేశాయి. పేరు దొరికినా మాన్యువల్ దొరుకుతుందన్న నమ్మకం లేదు. బోర్డుకు పేరు లేకపోవచ్చు గానీ దానిమీది ప్రతి చిప్పు నెత్తినా నంబరు ఉంటుంది, చాలా నంబర్లకు డేటాషీటు, అంటే ఏ పిన్ను ఏం చేస్తుందో చెప్పే తయారీదారు పత్రం, ఉంటుంది. చదవాల్సింది అది.

అంతకన్నా ముందు శుభ్రం చేయాలి. కీబోర్డు సాకెట్ పక్కన పీపా ఆకారంలో 3.6 వోల్టుల నికెల్-కాడ్మియం బ్యాటరీ ఉంటుంది చూశారూ, ఆ కాలపు బోర్డుల్ని చాలావరకు చంపేది అదే. నా బోర్డులోనూ కారిపోయి, చుట్టూ రెండంగుళాల మేర పచ్చటి పొక్కులు కట్టింది. కారేది క్షారం కాబట్టి తెల్ల వెనిగర్‌లో ముంచిన టూత్‌బ్రష్‌తో రుద్దితే బుసబుసమని పొంగింది. తర్వాత నీళ్ళు, ఆపైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ఎండలో ఆరబెట్టడం. పొక్కులు పోయాక అసలు నష్టం బయటపడింది. కీబోర్డు కంట్రోలర్ చిప్పుకు వెళ్ళే రెండు రాగి దారులు తెగిపోయాయి, ఆ చిప్పు సాకెట్ కాళ్ళు నల్లబడ్డాయి. సాకెట్ మార్చి, తెగిన చోట వెంట్రుకంత ఎనామెల్ తీగ అతికాను. అయినా కీబోర్డు లైట్లు వెలగలేదు. కీబోర్డుకు 5 వోల్టులు ఇచ్చే దారిలో చూడ్డానికి రెసిస్టర్‌లా ఉండే ఫ్యూజు ఒకటి ఉంటుంది, అది ఎగిరిపోయింది. కీబోర్డు పలకడం లేదంటే కంట్రోలర్‌ని అనుమానించే ముందు ఆ ఫ్యూజుకు మీటరు పెట్టి చూడండి.

కరెంటు ఇచ్చే ముందు కూడా మీటరే. ప్లస్ 12, మైనస్ 12 లైన్ల మీది టాంటలమ్ కెపాసిటర్లు షార్టయితే టపాకాయలా పేలతాయి. గ్రౌండుకూ ఆ లైన్లకూ మధ్య రెసిస్టెన్స్ సున్నాకు దగ్గరగా ఉంటే స్విచ్చి వేయకూడదు. పాత ఏటీ రకం పవర్ సప్లయి వాడితే బోర్డుకు గుచ్చే పీ8, పీ9 ప్లగ్గుల నల్ల తీగలు మధ్యలో పక్కపక్కనే రావాలి. కొత్త ఏటీఎక్స్ సప్లయిల్లో మైనస్ 5 వోల్టులు ఉండదు. కొన్ని పాత ఐఎస్ఏ కార్డులకు తప్ప దాని అవసరం రాదు, నాకు రాలేదు.

ఇక అసలు పని, జంపర్లు. 14.318 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ పక్కన ఉండే చిన్న చిప్పు క్లాక్ జనరేటర్, బోర్డు ఏ వేగంతో నడవాలో తేల్చేది అదే. దాని డేటాషీటులో ఎఫ్ఎస్0, ఎఫ్ఎస్1, ఎఫ్ఎస్2 అని పిన్నులు, ఏ కలయికకు ఎంత వేగం వస్తుందో పట్టిక ఉన్నాయి. మల్టీమీటరును బీప్ మోడ్‌లో పెట్టి, ఒక మొన ఎఫ్ఎస్0 మీద ఆనించి, రెండోదాన్ని జంపర్ కాళ్ళ మీద ఒక్కొక్కటిగా జరుపుకుంటూ పోయాను. బీప్ వచ్చిన చోట కాగితం మీద గుర్తు. మూడు పిన్నులకూ మూడు జంపర్లు దొరికాయి, అంటే ఎనిమిది కలయికలు. పట్టిక చూసి 33 మెగాహెర్ట్జ్‌కి పెడితే ఓసిలోస్కోపులో 33 కనిపించింది. ఈ బోర్డుతో గడిపిన కాలమంతటిలో నాకు బాగా నచ్చిన సాయంత్రం అదే.

ప్రాసెసర్ రకం జంపర్లదీ అదే పద్ధతి, కాకపోతే విసుగెక్కువ. 486లో రెండు రకాలైన ఎస్ఎక్స్‌లోనూ డీఎక్స్‌లోనూ ఎన్ఎంఐ పిన్ను (ప్రాసెసర్‌కి అత్యవసర సంకేతం అందేది) ఒకే చోట ఉండదు, అందుకే అన్ని జంపర్లు. ఇంటెల్ పిన్ పటం పక్కన పెట్టుకుని సాకెట్ నుంచి వెనక్కి వెతుక్కుంటూ వస్తే తేలిపోతాయి. వోల్టేజీకి మాత్రం జంపరే లేదు. సాకెట్ దగ్గర రెగ్యులేటర్ కనిపించలేదంటే అది 5 వోల్టుల బోర్డే. 486లోనే తర్వాతి రకమైన 3.3 వోల్టుల మామూలు డీఎక్స్4ని అందులో నేరుగా పెడితే చిప్పు మీద ఆశ వదులుకోవాల్సిందే. సొంత రెగ్యులేటర్ ఉన్న డీఎక్స్4 ఓవర్‌డ్రైవ్ అయితే పనిచేస్తుంది.

పోస్ట్ (POST, ఆన్ చేయగానే జరిగే స్వీయ పరీక్ష) కార్డు లేకుండా ఈ పనికి దిగొద్దు. ఐఎస్ఏ స్లాటులో పెడితే 80హెచ్ పోర్టుకు బయోస్ పంపే సంకేతాలను రెండంకెల్లో చూపిస్తుంది. మొదటి నుంచీ అంకెలు అసలు కదలకపోతే ప్రాసెసర్ బయోస్‌ని చదవడమే లేదని అనుమానించాలి. నాది సీ1 దగ్గర ఆగింది. అవార్డ్‌లో అది ర్యామ్ వెతికే దశ. 486కి 30-పిన్ ర్యామ్ కడ్డీలు నాలుగూ ఒకే రకంవి ఉండాలి, ఒక్కోటి ఎనిమిది బిట్లే కాబట్టి. సెంటరువాళ్ళు రెండు రకాలు కలిపి పెట్టారు. అవి తీసేసి 72-పిన్ కడ్డీ ఒకటి పెట్టగానే తెర వెలిగింది.

అప్పుడు చూశాను పేరు సంగతి. అవార్డ్ బయోస్ తెర అడుగున వచ్చే వరుసలో, తేదీ తర్వాతి కోడులో మొదటి ఐదు అక్షరాలు చిప్‌సెట్‌వి, తర్వాతి రెండు తయారీదారువి. పాత బోర్డుల వివరాలుండే ది రెట్రో వెబ్ సైటులో ఆ వివరాలతో వెతికితే ఇదే పోలికలో ఇంకో బోర్డు ఫొటో దొరికింది, కానీ దాని జంపర్ల అమరిక వేరు. దాన్నే నమ్ముకుని ఉంటే తిప్పలు తప్పేవి కావు. బయోస్ ఉన్న 27సీ512 చిప్పును మాత్రం వెంటనే ప్రోగ్రామర్‌తో చదివి ఫైలుగా దాచాను. అతినీలలోహిత కిరణాలతో చెరిగే రకం అది. చిప్పు మీది గాజు కిటికీని కప్పే స్టిక్కర్ ఊడిపోతే కష్టం.

క్యాష్ గురించి, అంటే ప్రాసెసర్‌కీ ర్యామ్‌కీ మధ్య ఉండే చిన్న, వేగమైన మెమరీ గురించి, కాస్త విస్తారంగా చెప్పాలి. ఆ రోజుల్లో కొన్ని బోర్డుల మీద లోపల ఏమీ లేని ప్లాస్టిక్ ముక్కల్ని క్యాష్ చిప్పులని అతికించి అమ్మారు, బయోస్ కూడా ఉన్నట్టే చూపించేది. నా దాంట్లో చిప్పులు సాకెట్లలో ఉన్నాయి, అసలువే: 32 కేబీవి ఎనిమిది, ట్యాగ్‌కి (క్యాష్‌లో ఉన్నది ర్యామ్‌లో ఏ చోటిదో గుర్తుపెట్టుకునేది) తొమ్మిదోది. మొత్తం 256 కేబీ. ట్యాగ్ 8 బిట్లు కాబట్టి రైట్-త్రూలో (రాసింది వెంటనే ర్యామ్‌కీ చేరే పద్ధతి) 64 ఎంబీ దాకా క్యాష్ అందుతుంది. రైట్-బ్యాక్‌లో (ర్యామ్‌కి తర్వాత రాసే పద్ధతి) ఒక బిట్టు ‘ఇంకా ర్యామ్‌కి చేరలేదు’ అని చెప్పే డర్టీ గుర్తుకు పోతే అది 32కి పడిపోతుంది. ఆ హద్దు దాటి ర్యామ్ పెంచితే మెషీను నెమ్మదించడం ఏమిటని తల పట్టుకునేవాళ్ళకు జవాబు ఇక్కడుంది. నేను 32 ఎంబీ దగ్గర ఆగి రైట్-బ్యాక్ పెట్టుకున్నాను, క్యాష్ వేగం కొలిచే క్యాష్‌చెక్ ప్రోగ్రామ్‌లో తేడా స్పష్టంగా కనిపించింది.

డిస్కు విషయంలో ఈ బయోస్ 504 ఎంబీ దాటి చూడలేదు. 3కామ్ 3సీ509బీ నెట్‌వర్క్ కార్డులో బూట్ రోమ్ (ROM) సాకెట్ ఖాళీగా ఉంటే, పెద్ద డిస్కుల్ని చూడగలిగే ఎక్స్‌టీ-ఐడీఈ బయోస్ రాసిన చిప్పు పెట్టాను. ఇప్పుడు కాంపాక్ట్‌ఫ్లాష్ కార్డే హార్డ్‌డిస్క్, చప్పుడు లేదు. కారిపోయే బ్యాటరీ స్థానంలో సీఆర్2032 పెట్టాను, బోర్డు దాన్ని చార్జ్ చేయకుండా వరుసలో ఒక డయోడ్‌తో.

వాడకానికి వస్తే, ఇది నాకు అలంకారం కాదు. విండోస్ 3.1, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 5 ఉన్నాయి. యూనికోడ్‌కు ముందటి తెలుగు ఫాంట్లతో కూర్చిన పెళ్ళి పత్రికలు, సావనీర్లు ఫ్లాపీల మీద ఇప్పటికీ ఎవరో ఒకరు తెస్తుంటారు. కొత్త కంప్యూటర్లో తెరిస్తే ఒత్తులూ గుణింతాలూ చెల్లాచెదురవుతాయి, ఇక్కడ అచ్చేసినప్పుడు ఉన్నట్టే కనిపిస్తాయి. డాస్‌లో డేటాబేస్ ప్రోగ్రామ్ ఫాక్స్‌ప్రో 2.6 కూడా ఉంది, పాత ఖాతాల డీబీఎఫ్ ఫైళ్ళకు.

ఫిర్యాదులు లేకపోలేదు. వెసా లోకల్ బస్ కార్డు పొడుగెక్కువ. నా సిర్రస్ లాజిక్ 5428 వీడియో కార్డు నొక్కేటప్పుడు బోర్డు వంగుతుంది, అడుగున ఆధారం పెట్టకపోతే రాగి దారులు చిట్లుతాయి. ఆ బస్సు ప్రాసెసర్‌కే నేరుగా కట్టి ఉంటుంది కాబట్టి 33 మెగాహెర్ట్జ్ దాటిస్తే ఈ కార్డు తిక్క చేస్తుంది. వేడెక్కి చల్లారే కొద్దీ క్యాష్ చిప్పులు సాకెట్లలోంచి పైకి జరుగుతాయి. బెజవాడ ఎండల తర్వాత ఒకసారి అన్నిటినీ బొటనవేలితో నొక్కుతాను. 30-పిన్ సాకెట్ల ప్లాస్టిక్ చెవులు ముట్టుకుంటే విరిగేంత పెళుసయ్యాయి, ఇప్పటికే ఒకటి పోయింది. ఐదులో నాలుగు ఇస్తాను, తగ్గించిన ఒకటి ఆ చెవులకే.

కొనాలనుకుంటే అమ్మేవాణ్ణి కీబోర్డు సాకెట్ మూల ఫొటో దగ్గర్నుంచి తీసి పంపమనండి. పచ్చదనం బ్యాటరీ చుట్టూ మాత్రమే ఉంటే బేరమాడండి, చిప్‌సెట్ కాళ్ళ దాకా పాకి ఉంటే వదిలేయండి. క్లాక్ జనరేటర్ మీది నంబరు చెరిగిపోయిన బోర్డు ఎంత చవకగా వచ్చినా నేనైతే ముట్టుకోను.