రావులపాలెంలో లంకవారి భోజనం

రావులపాలెం అరటి మార్కెట్టుకు కాస్త ఎడంగా ఉన్న ఒక చిన్న భోజనశాల బోర్డు మీద ‘లంకవారి భోజనం’ అని చూసి, మొదట లంక అనే ఇంటిపేరు గలవారిదేమో అనుకున్నాను. లోపల కూర్చున్నాక, వంట చేసేవారు గౌతమి పాయలోని లంకల నుంచి వచ్చినవారని, అది ఇంటిపేరు కాదని తెలిసింది.

అరటాకులో వడ్డించిన కంద బచ్చలి కూరకు పొయ్యి మీద నుంచి దించాకనే ఆవ కలిపారు కాబట్టి, ఘాటు ముక్కుకు తగిలిందే గాని చేదు రాలేదు. అరటి దవ్వ పెరుగుపచ్చడి ఇంకా బాగుంది. దవ్వను చక్రాలుగా తరుగుతూ, ఒక్కొక్క కోతకూ సాగివచ్చే పీచును వేలికి చుట్టి తీసి, ముక్కలను నల్లబడకుండా మజ్జిగలో వేసే ఓపిక ఉన్న చేతి పచ్చడి అది. ఒక్క పీచైనా పంటికి తగలలేదు. చారు మామూలుగా ఉంది.

నా అభ్యంతరమల్లా బల్ల మీది కార్డుతోనే. లంకవారంటే రావణుడి లంకను తలచి పెట్టుకున్న పేరని అందులో అచ్చువేశారు. 1852లో వెలువడిన బ్రౌన్ నిఘంటువు లంకకు ద్వీపమనే అర్థం కూడా చెప్పింది. మన డెల్టాలోనైతే ఏటి నడుమ ఇసుక మేటవేసి, దాని మీద రెల్లు మొలిచి, ఆ రెల్లు పట్టి ఉంచిన ఒండ్రుతో ఏటేటా ఎత్తు పెరిగిన నేలే లంక, అక్కడ కాపురముండి కంద, అరటి పండించేవారే లంకవారు. దీవి అన్న మాట ద్వీపం నుంచి వచ్చింది, ద్వీపమంటే రెండు వైపులా నీరు గలది. వ్యాసుడు యమునలోని దీవిలో పుట్టినందువల్లనే ద్వైపాయనుడయ్యాడు; ఆ లెక్కన ఆయనా ఒక ఏటి లంకవాడే. కార్డు మీద రావణుడికి బదులు ఈ మాట ఉండవలసింది. యజమానిగారితో చెబితే శ్రద్ధగా విని, రాసిమ్మన్నారు, రాసిచ్చాను.

భోజనం 180 రూపాయలు, పెరుగు మళ్ళీ అడిగినా వేస్తారు. కూరలు లంకల నుంచి పడవల మీద వస్తాయి కాబట్టి, శ్రావణంలో గోదావరి ఎర్రబడి రేవులో పడవలు ఆగిన రోజుల్లో దవ్వ పచ్చడి ఉండదట, అడిగి వెళ్ళండి.