సిస్టర్ల మఠంలో బస: పని చూసి చోటు ఎంచుకోండి

కాన్వెంటు అనగానే బడో ఆసుపత్రో నడిపే క్రైస్తవ సిస్టర్లు గుర్తొస్తారు. మఠవాసం చేసే సిస్టర్ల తీరు వేరు. రోజులో చాలాసార్లు గుడిలో కలిసి కీర్తనలు పాడతారు, మధ్య వేళల్లో చేతిపనితో మఠాన్ని పోషించుకుంటారు. గంట వినబడగానే చేతిలో ఉన్నది వదిలేసి ప్రార్థనకు వెళ్ళాలని, మఠాల జీవితానికి పునీత బెనెడిక్ట్ రాసిన నియమావళి 43వ అధ్యాయం చెబుతుంది. మరి పొయ్యి మీద పాకం ఉంటే? పాలు తోడుకుంటుంటే? బసకు చోటు వెతికేవాళ్ళు గది సౌకర్యాల కంటే ముందు అక్కడి సిస్టర్లు ఏ పని చేస్తారో చూడాలి. అక్కడి రోజు ఎలా నడుస్తుందో తేల్చేది అదే.

అమెరికాలోని అయోవాలో డుబ్యూక్ దగ్గరి మిసిసిపీ ఆబీ (మఠం) ట్రాపిస్టు సిస్టర్లది, అంటే బెనెడిక్ట్ నియమావళిని కఠినంగా పాటించేవాళ్ళది. 1964లో మొదలైంది. వాళ్ళ జీవనాధారం కారమెల్ మిఠాయి. కారమెల్ పాకం దాదాపు 118 నుంచి 120 డిగ్రీల సెల్సియస్ దగ్గర దించాలి. ముందే దించితే ముక్క నిలబడదు, ఆలస్యమైతే పంటికి లొంగదు. సగంలో ఆపే వీల్లేని పని కాబట్టి రెండు ప్రార్థనల మధ్య వ్యవధి లెక్కగట్టుకునే పొయ్యి వెలిగించాలి. క్రిస్మస్ ఆర్డర్ల వల్ల శరదృతువంతా ఊపిరి సలపని పని. సిస్టర్లతో తీరిగ్గా మాట్లాడాలనుకునేవాళ్ళు ఆ నెలలు మానుకోవడం మంచిది.

మిస్సోరిలోని క్లైడ్‌లో బెనెడిక్టైన్ సిస్టర్లు 1910 నుంచి చర్చి పూజలో పంచే పలచటి గుండ్రటి రొట్టెలు, అంటే అప్పాలు, చేస్తున్నారు. గోధుమపిండి, నీళ్ళు తప్ప ఇంకేమీ కలపకూడదు. పలచటి పిండిని వేడి పలకల మధ్య కాల్చితే కాగితం లాంటి రేకు వస్తుంది. కాల్చిన వెంటనే కోస్తే పెళుసుగా విరిగిపోతుంది. తేమ పట్టించి మెత్తబడ్డాకే గుండ్రంగా కోయాలి. తేమ ఎక్కువైతే అంచు శుభ్రంగా తెగదు. ఆ తర్వాత పొడి జల్లించి, విరిగినవి ఏరేస్తారు. గోధుమలో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ పడనివాళ్ళ కోసం 0.01 శాతం గ్లూటెన్‌తో అప్పం తయారుచేసింది వీళ్ళే. అసలు గ్లూటెన్ లేని అప్పం పూజకు చెల్లదు గనుక అంత సన్నని గీత మీద పనిచేయాల్సి వచ్చింది. దానికి ఏళ్ళు పట్టాయి.

పని లోతు చూడాలంటే మాత్రం కనెక్టికట్‌లోని బెత్లెహేమ్ ఊళ్ళో 1947లో వెలసిన రెజీనా లౌడిస్ ఆబీకే మా ఓటు. ప్రార్థనలు లాటిన్‌లో గ్రెగోరియన్ రాగాలతో సాగుతాయి, నడిరాత్రి దాటాక ఒకసారి లేస్తారు కూడా. ఫ్రాన్స్‌లోని సెంట్ నెక్టేర్ పద్ధతిలో పచ్చిపాల జున్ను (చీజ్) చేస్తారు. 1985లో కాలిఫోర్నియాలో జున్ను వల్ల లిస్టీరియా అనే బాక్టీరియా తెచ్చే జబ్బు ప్రబలాక, ఇక్కడ జున్ను చేసే చెక్క పీపా తీసేసి స్టీలు తొట్టి పెట్టమన్నారు. పెడితే జున్నులో ఈకొలై అనే హానికర బాక్టీరియా పెరిగింది! చెక్క సందుల్లో బతికే లాక్టిక్ బాక్టీరియా ఆమ్లం తయారుచేసి హానికర క్రిములను అణిచేస్తోందని ఈ మఠానికి చెందిన మదర్ నోయెల్లా మార్సెల్లినో ప్రయోగం చేసి చూపారు, పీపా తిరిగొచ్చింది. జున్ను మీది బూజుల మీదే ఆమె డాక్టరేట్ చేశారు. పీపా కడిగే పనిని కూడా ఇంత శ్రద్ధతో చూసే చోటు అరుదు.

బస విషయాలకొస్తే, హోటల్‌లా ఎప్పుడైనా దిగే కౌంటర్ ఎక్కడా ఉండదు. తలుపు తీసే సిస్టర్ కూడా ప్రార్థనకు వెళ్తుంది. రాత్రి చివరి ప్రార్థన మొదలయ్యాక చేరితే బయటే నిలబడాలి, అందుకే వచ్చే వేళ ముందే రాసి ఖాయం చేసుకోండి. చాలా మఠాల్లో అద్దె ధర ఉండదు, ఇవ్వగలిగినంత కానుక ఇవ్వాలి. భోజనం వాళ్ళు పెడతారా, మనమే వండుకోవాలా అన్నది మఠాన్ని బట్టి మారుతుంది. చివరి ప్రార్థన తర్వాత పొద్దున దాకా మౌనం పాటిస్తారు. ఆ వేళలో వరండాలో ఫోన్ మాట్లాడటం, తలుపు దబాలున వేయడం వాళ్ళ నిద్రనే కాదు, ప్రార్థననూ చెడగొడతాయి. వేకువ ప్రార్థన నాలుగుకు ముందే మొదలయ్యే చోట్లూ ఉన్నాయి. అతిథులు రావడం తప్పనిసరి కాదు గానీ, వస్తే మొదటి కీర్తనకు ముందే కూర్చోవాలి.

సిస్టర్‌తో విడిగా మాట్లాడాలంటే ఆ మాట ఉత్తరంలోనే అడగండి. గది దొరికినంత మాత్రాన ఆ సమయం దొరుకుతుందని అనుకోకండి. తోటపనిలో చేయి వేస్తామంటే కొన్ని చోట్ల సంతోషంగా చేర్చుకుంటారు. పాత బట్టలు, బురదకు ఆగే బూట్లు వెంట ఉంచుకోండి.