క్రూజ్‌లో రాత్రి భోజనం: రొటేషనల్ తీసుకోవాలా, ఫ్లెక్సిబుల్ తీసుకోవాలా?

మాది కడప. రెండు క్రూజ్‌లు చేశాక చెప్తున్నా, పెద్దవాళ్ళతో వెళ్తుంటే రొటేషనల్ డైనింగే మేలు. డిస్నీ షిప్పుల్లో ఇదే పద్ధతి: రోజుకో రెస్టారెంట్, కానీ వడ్డించేవాళ్ళు మాత్రం మనతోపాటే వస్తారు. మా అత్తమ్మ గుడ్డు కూడా ముట్టదు. మొదటి రాత్రి ఒక్కసారి చెప్పాం, అంతే, రెండో రోజు వేరే హాల్లో కూర్చునేసరికి ఆమెకు గుడ్డు లేని స్వీటు, పక్కన చిన్న గిన్నెలో తరిగిన పచ్చిమిరపకాయలు వచ్చేశాయి. రోజూ సంగటి, చెనిక్కాయల పచ్చడి తినే మనిషికి ఆ మిరపకాయలు చూడగానే ప్రాణం లేచొచ్చింది.

ఇబ్బందల్లా టైమే. ఆరు లోపు ఒక బ్యాచ్, ఎనిమిది దాటాక ఇంకొకటి. మన అలవాటుకు రెండోదే సరి.

ఫ్లెక్సిబుల్ అంటే నార్వేజియన్ అనే క్రూజ్ కంపెనీ వాళ్ళ ఫ్రీస్టైల్, రాయల్ కరీబియన్ కంపెనీ షిప్పుల్లో మై టైమ్ లాంటివి, ఇష్టమొచ్చినప్పుడు వెళ్ళి తినొచ్చు. కుర్రాళ్ళకు బాగుంటుంది. మేం వెళ్ళిన షిప్పులో (పేరెందుకులెండి) అరగంట పైనే నిలబడ్డాం, రోజూ కొత్త వెయిటర్‌కు గుడ్డు సంగతి మొదట్నుంచీ చెప్పాల్సొచ్చింది. ఒకరోజు సగం కేకు తిన్నాక తెలిసింది అందులో గుడ్డుందని. ఆ రాత్రి అత్తమ్మ ఇంకేమీ ముట్టలేదు, నాకు ఇప్పటికీ బాధే. ఫ్లెక్సిబులే తీసుకుంటే మాత్రం ఎక్కిన రోజే వెళ్ళి, రోజూ అదే టైముకు అదే వెయిటర్ టేబుల్ ఇమ్మని అడగండి.