వాతావరణ సదస్సులో పౌర సంస్థలు: లోపలి పరిశీలక హోదా, బయటి ప్రదర్శన

ఖర్చు: ఐక్యరాజ్యసమితి వాతావరణ సదస్సు లోపలికి పరిశీలకులుగా వెళ్లాలంటే అధికారిక గుర్తింపు, ప్రయాణం, బస అన్నీ కావాలి కనుక పేద దేశాల చిన్న సంఘాలు వెనకబడతాయి, బయట వీధి ప్రదర్శనకు జనబలం చాలు.

పలుకుబడి: పరిశీలకులు ఒప్పందపు ముసాయిదాలోని మాటలను గమనించి దేశాల ప్రతినిధులకు సూచనలు ఇవ్వగలరు గాని, వారికి ఓటు లేదు. ప్రదర్శనకు ముసాయిదాపై పట్టు ఉండదు. అయితే ప్రభుత్వాలు ఎవరి తరఫున మాట్లాడుతున్నాయని అది నిలదీస్తుంది.

ముప్పు: 2009లో కోపెన్‌హాగన్ సదస్సు చివరి రోజుల్లో పరిశీలకుల ప్రవేశాన్ని బాగా కుదించారు; 2015లో పారిస్‌లో ఉగ్రదాడుల తరువాత ఊరేగింపునే నిషేధించారు. 2013లో వార్సాలో అనేక సంస్థలు సభ నుంచి వాకౌట్ చేశాయి; ఆ నిష్క్రమణకు బరువు వచ్చింది, నా దృష్టిలో, వారు అంతవరకు లోపల ఉన్నందువల్లనే.

ముసాయిదా ఇంకా రూపుదిద్దుకుంటున్నప్పుడు, నిపుణులున్న సంస్థకు లోపలి దారి మేలు. చర్చలు స్తంభించినప్పుడు, లేదా బాధిత సమాజాలకు గుర్తింపే దొరకనప్పుడు వీధి మేలు.