బ్లాసీ, హీనన్: బరి నుంచి మేనేజరు పాత్రకు రెండు దారులు

అమెరికా ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లో మల్లయోధులు మేనేజర్లుగా, అంటే మరో మల్లయోధుడి వెంట బరి పక్కన నిలిచి అతని తరఫున మాట్లాడుతూ, అవసరమైతే మోసానికీ సాయపడే పాత్రధారులుగా, మారిన తీరును పరిశీలించడానికి ఫ్రెడ్ బ్లాసీ, బాబీ హీనన్ చక్కని ఉదాహరణలు.

1918లో సెయింట్ లూయిస్‌లో పుట్టిన బ్లాసీ, ప్రత్యర్థులను కొరికి నెత్తురు కళ్లజూసే ప్రతినాయకుడిగా లాస్ ఏంజెలెస్‌లోనూ జపాన్‌లోనూ దశాబ్దాల పాటు జనం ఈసడింపును మూటగట్టుకున్న తరువాతే, 1970లలో చేతికర్ర పట్టుకుని మేనేజరయ్యాడు. 1976లో టోక్యోలో జపాన్ మల్లయోధుడు ఆంటోనియో ఇనోకీతో తలపడిన ముహమ్మద్ అలీ పక్షాన నిలిచాడు. ఆ కర్ర వట్టి అలంకారం కాదు: 1985లో తొలి రెజిల్‌మేనియా అనే భారీ రెజ్లింగ్ వేడుకలో రిఫరీ కన్నుగప్పి, బ్లాసీ మేనేజరుగా ఉన్న ఐరన్ షేక్ దానితోనే బ్యారీ విండమ్‌ను వెనుకనుంచి కొట్టగా, జోడీదారు నికొలాయ్ వోల్కాఫ్ అతణ్ణి అదిమిపట్టి ట్యాగ్ టైటిల్ (ఇద్దరిద్దరి జట్ల టైటిల్) గెలిపించాడు.

1944లో పుట్టిన హీనన్ మాత్రం 1960ల నుంచే మేనేజరుగా, మల్లయోధుడిగా రెండు పనులూ కలిపి చేశాడు. అతని అసలు ఆయుధం నోరు; అయితే తన్నులు తిని ఎగిరిపడే విద్య కూడా తెలిసినవాడు కనుక, చివరికి అతనికి శాస్తి జరగడం చూడటానికే ప్రేక్షకులు టికెట్లు కొనేవారు. 1987లో హల్క్ హోగన్‌పైకి ఆండ్రే ది జైంట్‌ను నడిపించినదీ, 1989లో అల్టిమేట్ వారియర్ కాలు బయటినుంచి పట్టుకుని రిక్ రూడ్‌ను గెలిపించినదీ అతనే.

మేనేజరుగా బ్లాసీ తన పాత కీర్తిని ఖర్చు చేశాడు. హీనన్‌కు మేనేజరు పాత్రే కీర్తి తెచ్చింది. మల్లయోధుడిగా బ్లాసీదే పైచేయి అయినా, ఇతరులను పెద్దవాళ్లుగా చూపే పనిలో హీనన్‌కే నా ఓటు.