రెండో బ్యాటరీకి ప్లగ్ లేదు: మూడేళ్ల తర్వాత మా పవర్ స్టేషన్ గురించి

మా ఇంట్లో పవర్ స్టేషన్, అంటే కరెంటు పోయినప్పుడు ఫ్రిజ్‌లాంటివి నడిపే పెద్ద బ్యాటరీ బాక్సు, ఉందని తెలిసి 2024 మేలో నలుగురు ఫోన్ చేశారు. అందరికీ "కళ్లు మూసుకుని కొనండి" అని చెప్పాను. అదే ఏడాది జూలై తర్వాత అడిగినవాళ్లకు మాత్రం "అదనపు బ్యాటరీని వెనక్కి తిప్పి చూశాకే కొనండి" అంటున్నాను. ఆ రెండు నెలల్లో ఏం జరిగిందో చెప్పడానికే ఇదంతా.

మేముండేది హ్యూస్టన్ పక్కన కేటీలో, అద్దె ఇంట్లో. 2021 ఫిబ్రవరి మంచు తుఫానప్పుడు కరెంటు లేక ఇంట్లో కోట్లు వేసుకుని పడుకున్న రాత్రులు ఇంకా మర్చిపోలేదు. ఆ భయంతోనే 2022 థ్యాంక్స్‌గివింగ్ సేల్లో కొన్నాం. బాక్సులో రెండు యూనిట్ల కరెంటు పడుతుంది, దానికి కేబుల్‌తో తగిలించే అదనపు బ్యాటరీలో ఇంకో రెండు. యూనిట్ అంటే మన కరెంటు బిల్లులో ఉండే యూనిట్టే. సెల్స్ ఏ రకం, ఎన్నిసార్లు ఛార్జ్ చేసుకోవచ్చు, ఎన్ని ప్లగ్‌లున్నాయి అన్నవి అందరూ రాసేవే కాబట్టి వదిలేస్తున్నాను. నన్ను కొనిపించింది ఒకే ఒక్క మాట: తర్వాత పెంచుకోవచ్చు.

2024 మే 16 సాయంత్రం గాలివాన వచ్చింది. డౌన్‌టౌన్‌లో పెద్ద పెద్ద భవనాల అద్దాలు రాలిపడ్డ రోజు అది. మాకు మర్నాడు మధ్యాహ్నం దాకా కరెంటు లేదు. ఫ్రిజ్, వైఫై, ఫోన్లు, రెండు లైట్లు రాత్రంతా నడిచాయి. పొద్దున చూస్తే ఇంకా సగం పైనే మిగిలి ఉంది. నేను ఫోన్లో అంత గట్టిగా చెప్పింది ఆ ఒక్క రాత్రి ధైర్యంతోనే. ఆ రాత్రి బయట చల్లగా ఉంది, మేం ఏసీ వాడలేదు, కరెంటు మర్నాడే వచ్చేసింది. ఇవేవీ అప్పుడు లెక్కలోకి తీసుకోలేదు.

జూలై 8, సోమవారం తెల్లవారుజామున బెరిల్ తుఫాను తీరం దాటింది. హ్యూస్టన్ ప్రాంతంలో 22 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. అప్పటికి కొన్ని వారాలుగా మా అత్తయ్యగారు, మామయ్యగారు తెనాలి నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు. మామయ్యగారికి సీప్యాప్ మెషీన్ (నిద్రలో ఊపిరి ఆగకుండా మాస్కులోంచి గాలి పంపేది) లేకుండా నిద్ర పట్టదు. అత్తయ్యగారి ఇన్సులిన్ పెన్నులు ఫ్రిజ్‌లో ఉన్నాయి. వాన వెలిసిన మధ్యాహ్నానికే ఎండ మొదలైంది. తలుపులన్నీ తెరిచినా సాయంత్రానికి ఇంట్లో 88 డిగ్రీల ఫారన్‌హీట్.

చాలామంది పొరబడే విషయం ఒకటి ఇక్కడే చెప్పాలి. అదనపు బ్యాటరీ తగిలిస్తే ట్యాంకు పెద్దదవుతుంది, కుళాయి మాత్రం అదే. బాక్సులో ఉన్న ఇన్వర్టర్, అంటే బ్యాటరీ కరెంటును ఇంటి కరెంటుగా మార్చే భాగం, ఎన్ని వాట్లు ఇవ్వగలదో, నాలుగు బ్యాటరీలు తగిలించినా అంతే ఇస్తుంది. మాది 120 వోల్టుల బాక్సు. ఇంటి సెంట్రల్ ఏసీకి 240 కావాలి, కాబట్టి దాని ఊసే లేదు. పెద్దవాళ్ల గదికి ముందే కొనిపెట్టిన చిన్న విండో ఏసీ ఒకటి ఉంది, కంప్రెసర్ తిరుగుతున్నప్పుడు 450 వాట్ల దాకా లాగుతుంది. మొదటి రాత్రి ఏసీ, సీప్యాప్, ఫ్రిజ్ మూడూ నడిపాం. వాళ్లిద్దరూ హాయిగా నిద్రపోయారు. పొద్దున స్క్రీన్ మీద 18 శాతం.

మంగళవారం పెరట్లో సోలార్ ప్యానెళ్లు పరిచాం. కాగితం మీద 400 వాట్లు. మబ్బు తెరిపి ఇచ్చినప్పుడు 290 కనిపించింది, ఎక్కువసేపు 150 దగ్గరే ఊగిసలాడింది. సాయంత్రానికి వచ్చిన కరెంటు ఒకటింపావు యూనిట్ దాకా ఉంటుంది. అందులో సగం ఫ్రిజ్ అప్పటికప్పుడే తినేసింది. ఇల్లు వేడిగా ఉంటే ఫ్రిజ్ మోటారు ఆగదు కదా.

అప్పుడే మా ఫ్రెండ్ ఒకాయన మెసేజ్ పెట్టారు. హైవేకి అవతల ఉండే వాళ్లింటికి కరెంటు వచ్చిందట. నా ప్రాణం లేచి వచ్చింది. అదనపు బ్యాటరీ కొన్నప్పుడు నా మనసులో ఉన్న బొమ్మ సరిగ్గా ఇదే. ఒక బిందె ఇంట్లో, ఇంకో బిందె కుళాయి కింద. బాక్సు ఇంట్లో ఉండి ఫ్రిజ్‌ను చూసుకుంటుంది, బ్యాటరీని తీసుకెళ్లి నింపుకుని వస్తాను. రాత్రికి మళ్లీ ఏసీ వేయొచ్చు. అత్తయ్యగారికి చెప్పి మరీ బయల్దేరాను.

బ్యాటరీ ఇరవై కిలోల పైనే. నేనో పక్క, పద్నాలుగేళ్ల మా అబ్బాయి ఇంకో పక్క పట్టుకుని కారు డిక్కీలో పెట్టాం. దారంతా సిగ్నళ్లు ఆరిపోయి ఉన్నాయి. పది నిమిషాల దారికి నలభై నిమిషాలు పట్టింది.

వాళ్ల హాల్లో బండల మీద బ్యాటరీ దించి, గోడకు ప్లగ్ ఎక్కడుందో చూసుకుని, వైరు పెట్టబోయాను. పెట్టడానికి చోటు లేదు. ముందువైపు ఒక స్విచ్, శాతం చూపించే చిన్న గీతలు. పక్కన రబ్బరు మూతలు రెండు. ఒకటి తీశాను, లోపల మందపాటి గుండ్రని సాకెట్, మా కేబుల్ పట్టేది. రెండోదీ తీశాను, అచ్చం అలాంటిదే. వెనక్కి తిప్పాను, నున్నటి ప్లాస్టిక్. అడుగున చూశాను, నాలుగు రబ్బరు బుడిపెలు. ఆయన లోపలి నుంచి డ్రాయర్ మొత్తం పట్టుకొచ్చి లాప్‌టాప్ వైర్ల దగ్గర్నుంచి ఉన్న వైర్లన్నీ బండల మీద పోశారు. ఒక్కటీ పట్టదు. ఫోన్లో మాన్యువల్ తెరిస్తే ఒక వాక్యం కనబడింది: ఈ బ్యాటరీ ప్రధాన యూనిట్ (అంటే మా బాక్సు) ద్వారా మాత్రమే ఛార్జ్ అవుతుంది.

వాళ్లావిడ కాఫీ ఇస్తే తాగాను, రుచి తెలియలేదు. ఎదురుగా గోడ నిండా కరెంటు. పక్కనే ఖాళీ బ్యాటరీ. రెండింటినీ కలిపే దారి మాత్రం మా ఇంట్లో ఫ్రిజ్ పక్కన ఉంది. వెళ్లి బాక్సు కూడా తెద్దామంటే రానుపోను గంటన్నర, ఛార్జింగ్‌కు రెండు మూడు గంటలు. అప్పుడే ఏడున్నర. తొమ్మిదిన్నరకల్లా మామయ్యగారికి సీప్యాప్ సిద్ధంగా ఉండాలి. బ్యాటరీని ఎలా తెచ్చానో అలాగే తిరిగి డిక్కీలో పెట్టుకున్నాను. వాళ్లు ఒక కూలర్ నిండా ఐసు ఇచ్చి పంపారు. ఆ సాయంత్రం మాకు అక్కరకొచ్చింది అదొక్కటే.

ఇంటికొచ్చి రెండూ కలిపి చూస్తే 31 శాతం. ఏసీ మాట మానుకున్నాం. ఇన్సులిన్ పెన్నులు మూతపెట్టిన డబ్బాలో వేసి, గడ్డకట్టిపోకుండా ఐసుకు తగలకుండా టవల్ చుట్టి కూలర్‌లో పెట్టాను. ఫ్రిజ్ తలుపు తెరవొద్దని అందరికీ చెప్పి దాని ప్లగ్ పీకేశాను. సీప్యాప్‌కు కారులో వాడుకునే డీసీ అడాప్టర్ ఒకటి ఎప్పుడో కొని పడేశాం, అది వెతికి తీసి బాక్సులోని కారు సాకెట్‌కు తగిలించాను. మెషీన్‌లో నీళ్లు వేడిచేసే హ్యుమిడిఫయర్ ఆపేశాను. కారు సాకెట్‌కు ఇన్వర్టర్ అక్కర్లేదు కాబట్టి దాని బటన్ కూడా ఆపేశాను. పొద్దున చూస్తే రాత్రంతా కలిపి ఏడు శాతమే ఖర్చయింది!

ఆ ఏడు చూసి చాలాసేపు అలాగే నిలబడిపోయాను. ఇన్వర్టర్ ఆన్‌లో ఉంటే, ఏ వస్తువూ తగిలించకపోయినా తనకోసం తాను కొంత కరెంటు తింటూనే ఉంటుంది. మా బాక్సుకు ఆ తిండి పాతిక వాట్ల దాకా ఉందని తర్వాత ఒక రోజు కొలిచి చూశాను. హ్యుమిడిఫయర్ లేని సీప్యాప్ తీసుకునేది 30 వాట్లు. అంటే మనిషికి పెట్టినంతా వడ్డించేవాడే తింటున్నట్టు. పెద్ద బ్యాటరీ ఉంటే ఈ సంగతి తెలియనే తెలియదు. నాకు బ్యాటరీ అయిపోవస్తే గానీ తెలియలేదు. అయితే ఆ రాత్రి మామయ్యగారు తడిపిన తువ్వాలు ఛాతీ మీద వేసుకుని పడుకున్నారు. డెబ్బై దాటిన మనిషి అలా పడుకోవడం చూసి నాకు నిద్ర పట్టలేదు.

బుధవారం ఎదురింటాయన తన జనరేటర్ నుంచి లైన్ ఇస్తానన్నారు. బాక్సు పెట్టగానే ఒక్కసారిగా 1200 వాట్లు లాగబోయింది, జనరేటర్ మూలిగి ట్రిప్పయింది. వైఫై లేకపోయినా బ్లూటూత్‌తో యాప్ పనిచేసింది, అందులో ఛార్జింగ్ వేగం 700కి తగ్గించాను. మూడున్నర గంటల్లో రెండు యూనిట్ల పైన ఎక్కింది. కేబుల్ తగిలించి ఉంటే బాక్సూ బ్యాటరీ కలిసే నిండుతాయి, ఆ సుఖం ఉంది. జనరేటర్‌ను ఇంట్లోగానీ గరాజ్‌లోగానీ పెట్టకూడదు, ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. సాయంత్రం బయట మూడున్నర గంటలు తిప్పిన జనరేటర్ కరెంటును రాత్రి మంచం పక్కన, చప్పుడు లేకుండా వాడుకోగలగడం మాత్రం నిజంగా గొప్ప సంగతి. గురువారం రాత్రి కరెంటు వచ్చింది.

కంపెనీకి మెయిల్ పెట్టాను. మాన్యువల్‌లో రాశాం కదా అని మర్యాదగానే జవాబిచ్చారు. రాసిన మాట నిజం. కానీ "పెంచుకోవచ్చు" అని అట్టపెట్టె మీద అంత పెద్ద అక్షరాలతో రాసినవాళ్లు, ఒంటరిగా ఛార్జ్ కాదన్న ముక్క కూడా దాని పక్కనే వేసి ఉండాల్సింది. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు. కొన్ని కంపెనీల అదనపు బ్యాటరీలకు సొంత ఛార్జింగ్ సాకెట్ ఉంటుందని తర్వాత తెలిసి ఇంకా బాధపడ్డాను.

అక్టోబర్‌లో ఇంకో బ్యాటరీ తగిలిద్దామని చూస్తే మా మోడల్ ఆపేశారు. కొత్త తరం బ్యాటరీ ప్లగ్ మా బాక్సుకు పట్టదు. పాతవి ఎక్కడో రెండు మూడు మిగిలాయి, ధర తగ్గలేదు. ఈ మాట ఫోన్లో చెబితే మామయ్యగారు ఆశ్చర్యపోయారు. తెనాలి ఇంట్లో పన్నెండేళ్లుగా ఒకటే ఇన్వర్టర్. 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ రెండుసార్లు మారింది, రెండుసార్లూ వేరే వేరే కంపెనీవి. "బ్యాటరీ ఎవడిదైతే ఏంటమ్మా, ప్లస్సుకి ప్లస్సు, మైనస్‌కి మైనస్. అప్పుడప్పుడు డిస్టిల్డ్ వాటర్ పోసుకుంటే చాలు" అన్నారు. ఇక్కడ ఉన్నప్పుడు మాత్రం మా బాక్సు నచ్చి, ఒకటి ఊరికి తీసుకెళ్దామన్నారు. 160 వాట్ అవర్లు దాటిన లిథియం బ్యాటరీని ప్రయాణికులు విమానంలో తీసుకెళ్లకూడదు, ఇది దానికి పన్నెండు రెట్లకు పైనే.

మూడేళ్లలో బాక్సు ఒక్కసారీ మొరాయించలేదు, ఆ మాట చెప్పాలి. మూడు నెలలకోసారి తీసి ఛార్జ్ చేస్తాను. పూర్తి వేగంతో ఛార్జ్ పెడితే ఫ్యాన్ చప్పుడు పక్క గదికి వినిపిస్తుంది, నెమ్మదిగా పెడితే వినిపించదు.

మళ్లీ కొనాల్సివస్తే నేనైతే ఒక బాక్సు, దానికో తోక బ్యాటరీ అని కాకుండా విడివిడిగా రెండు బాక్సులు తీసుకుంటాను. డబ్బు ఎక్కువవుతుంది, నిజమే. కానీ ఒకటి ఇంట్లో ఉంటే ఒకటి నింపుకురావచ్చు. ఒకటి పాడైనా ఇంకోటి ఉంటుంది. సొంత ఇల్లు ఉండి పదేళ్లు అక్కడే ఉండేవాళ్ల సంగతి వేరు. వాళ్లు గ్యాస్ లైన్‌కు పెట్టే జనరేటరో, గోడకు బిగించే పెద్ద బ్యాటరీయో చూసుకోవచ్చు, అద్దె ఇంట్లో మాకు ఆ వీలు లేదు. ఇంట్లో పెద్దవాళ్లూ మెషీన్లూ లేకపోతే ఒక రాత్రి ఫ్రిజ్‌కీ ఫోన్లకీ రెండు యూనిట్ల బాక్సు ఒక్కటే సరిపోతుంది, ఏ బ్యాటరీ తగిలించక్కర్లేదు.

మా మటుకు, పోయిన వేసవికి ముందు ఒక్క యూనిట్ కరెంటు కూడా పట్టని చిన్న బాక్సు ఇంకొకటి కొన్నాం. అది వేరే కంపెనీది, సొంతంగా ఛార్జ్ అవుతుంది, మా అబ్బాయి ఒక్కడే ఎత్తగలడు. అత్తయ్యగారు, మామయ్యగారు మళ్లీ వస్తామంటున్నారు. సీప్యాప్ డీసీ అడాప్టర్‌ను ఆ చిన్న బాక్సు హ్యాండిల్‌కే కట్టి ఉంచాను.