డచ్చివారి పుస్తకాల్లో బందరును వెతుక్కుంటూ

పాత పుస్తకాల కోసం నెదర్లాండ్స్ వెళ్లేవారు ఆమ్‌స్టర్‌డామ్‌లో కాదు, లైడెన్‌లో దిగడం మేలు. రాజధానిలో గది అద్దె మీద నగరం వేసే పర్యాటక పన్నే 12.5 శాతం. లైడెన్ నుంచి అక్కడికి రైల్లో ముప్పావు గంట కూడా పట్టదు. టికెట్ కోసం నిలబడే పని లేకుండా బ్యాంకు కార్డును గేటుకు తాకిస్తే చాలు. మేం దిగిన కాలువ గట్టు బసలో మెట్లు నిచ్చెనలా నిటారుగా ఉన్నాయి, లిఫ్టు లేదు. పెద్ద పెట్టెలతో వెళ్లేవారు ముందే అడగండి. పొద్దుటి రొట్టె, చీజ్‌లకు మాత్రం వంక పెట్టలేం.

డచ్చివారు మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టింది 1605లో. ఆ శతాబ్దంలో వాళ్లు కోరమాండల్ తీరం గురించి రాసిన పుస్తకాల మీదే నా మోజంతా. ముఖ్యమైనవి రెండు: డచ్చి మతబోధకుడు ఫిలిప్పస్ బాల్డేయస్‌ది 1672లో, గోల్కొండ రాజ్యంలో డచ్చి ఈస్టిండియా కంపెనీ కొలువు చేసిన డేనియల్ హావర్ట్‌ది 1693లో ఆమ్‌స్టర్‌డామ్‌లోనే అచ్చయ్యాయి.

ఆమ్‌స్టర్‌డామ్‌లోని స్పౌ చౌరస్తాలో శుక్రవారం పుస్తకాల సంత జరుగుతుంది. తిరగడానికి హాయిగా ఉంటుంది కానీ, ఇలాంటి మూలప్రతులు అక్కడ దొరుకుతాయని ఆశపడకండి. కనిపించేవి ఎక్కువగా విడి పటాలే. పుస్తకం కుట్టు విప్పి, బొమ్మలు ఒక్కొక్కటిగా అమ్ముకునే ఈ వ్యాపారం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. 1908లో ఏర్పడిన లిన్‌స్ఖోటెన్ సంఘం పాత యాత్రాగ్రంథాలను మళ్లీ అచ్చువేస్తోంది. మామూలు జేబుకు అందేవి ఆ సంపుటాలే. నేను కొన్నదీ అవే.

ఇక ఖరీదైన దుకాణాలు. ఒకచోట ‘సంపూర్ణ ప్రతి’ అంటూ బాల్డేయస్ చూపించారు. రాగిరేకుతో అచ్చువేసిన పటం చుట్టూ రేకు నొక్కుకున్న అంచు వేలికి తగలాలి. అందులో ఒక మడత పటం నున్నగా జారింది. వెలుతురుకు పట్టి చూస్తే పక్క పుటల్లో ఉన్న జల్లెడ గీతలు (చేత్తో కాగితం చేసే జల్లెడ వదిలే గుర్తులు) దానిలో లేవు. ఆధునిక నకలు తెచ్చి అతికించారు! అడిగితే ధర కొంచెం తగ్గిస్తామన్నారే గానీ, ప్రకటన మారుస్తామనలేదు.

కొనకుండానే అసలు ప్రతిని తాకాలంటే లైడెన్ విశ్వవిద్యాలయ గ్రంథాలయమే దారి. ఏ ప్రతి కావాలో ముందుగా ఆన్‌లైన్‌లో కోరాలి. పెన్ను బయటే వదలాలి, పెన్సిల్‌కే అనుమతి. తెల్ల చేతితొడుగులు ఇస్తారనుకోకండి. కడిగి ఆరబెట్టుకున్న చేతులే పుస్తకానికి క్షేమం. స్పాంజి దిమ్మల మీద పుస్తకాన్ని సగమే తెరిచి, బరువున్న తాడుతో పుట నిలబెట్టి చదువుకోవాలి. బేరం చేయబోయే ముందు ఇక్కడ ఒక పూట కూర్చుని పటాలన్నీ లెక్క రాసుకోండి. దుకాణదారు మాట మీద ఆధారపడే అవసరం ఉండదు.

వందేళ్లు దాటిన పుస్తకం విలువ 50,000 యూరోలు మించితే, యూరోపియన్ యూనియన్ దాటించడానికి ఎగుమతి అనుమతి పత్రం కావాలి. నా సంపుటాలకు ఆ బెడద లేదు, సామాను బరువుదే చిక్కు.